ఇంట్లో చదివే పిల్లలకు ల్యాబ్ ఎక్కడ?

సార్వత్రిక పాఠశాలలో పన్నెండో తరగతి పూర్తిచేసినవారూ నీట్ రాయవచ్చని 2024 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఓపెన్ స్కూల్లో చదివారనో, ప్రైవేటుగా పరీక్ష రాశారనో వైద్యవిద్యకు దూరంగా ఉంచే నిబంధన చెల్లదని ఢిల్లీ హైకోర్టు 2018 మేలోనే చెప్పింది. జాతీయ వైద్య కమిషన్ కూడా ఆ తరువాత తన వైఖరి మార్చుకుంది. ఐఐటీల విషయంలో ఇంత పేచీ లేదు. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ, అంటే ఎన్ఐఓఎస్, నిర్వహించే సీనియర్ సెకండరీ పరీక్షను కనీసం అయిదు సబ్జెక్టులతో ఉత్తీర్ణులైతే జేఈఈ అర్హత దక్కుతుంది. బడికి వెళ్లకుండా ఇంట్లో చదువుకునే పిల్లలకు కాలేజీ గుమ్మం దాకా చట్టబద్ధమైన దారి పడినట్టే.

ఆ దారి మధ్యలో ఒక గండి మిగిలిపోయింది. నీట్ అర్హత నిబంధనల్లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాల పేర్ల పక్కనే ఆ సబ్జెక్టుల్లో ప్రాక్టికల్ పరీక్షలు కూడా ఉండాలన్న షరతు ఉంది. షరతు న్యాయమైనదే. రేపు రోగి ఒంటి మీద చేయి వేయవలసిన విద్యార్థి చేత్తో పని నేర్చి రావాలని కోరడంలో తప్పులేదు. కానీ బ్యూరెట్, సూక్ష్మదర్శిని, మీటర్ బ్రిడ్జి ఆ పిల్లలకు ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్నకు బోర్డులు గానీ, కోర్టులు గానీ, ప్రభుత్వాలు గానీ ఇంతవరకు జవాబు చెప్పలేదు. పరీక్ష రాసే హక్కు చేతికొచ్చింది, ప్రయోగం చేసే చోటు మాత్రం చూపలేదు.

ఎవరీ పిల్లలు?

ఇంటి చదువు అనగానే కాస్త డబ్బూ, తీరికా, చదువుపై సొంత అభిప్రాయాలూ ఉన్న నగర కుటుంబాలే గుర్తొస్తాయి. హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో అలాంటి తల్లిదండ్రులు ఉన్న మాట నిజమే. వారితోపాటు ఇంకా చాలామంది ఈ వరుసలో ఉన్నారు. రోజుకు ఆరేడు గంటలు బ్యాడ్మింటన్ కోర్టులో గడిపే అమ్మాయి, దీర్ఘకాల జబ్బుతో బడికి వెళ్లలేని అబ్బాయి, పదో తరగతి తప్పి పనిలో చేరి మళ్లీ పుస్తకం పట్టినవాడు, పెళ్లి కోసం చదువు మాన్పిస్తే ఎదురు తిరిగి తిరిగొచ్చిన ఆడపిల్ల, తల్లిదండ్రుల వెంట పనుల కోసం ఊళ్లు మారే పిల్లలు. వీరిలో కొందరు ఎన్ఐఓఎస్‌లో చేరతారు, కొందరు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠాల్లో పేరు నమోదు చేసుకుంటారు. ఖర్చు భరించగలిగినవారు కేంబ్రిడ్జి పరీక్షలు ప్రైవేటుగా రాస్తారు. వీరందరికీ ఉమ్మడిగా లేనిది ఒకటే: రోజూ వెళ్లి ప్రయోగం చేసే గది.

2009 నాటి విద్యాహక్కు చట్టం బడి గురించే మాట్లాడింది, ఇంటి చదువును విడిగా పట్టించుకోలేదు. 2020 జాతీయ విద్యావిధానం ఎన్ఐఓఎస్‌ను, రాష్ట్రాల సార్వత్రిక పాఠశాలలను విస్తరించి పటిష్ఠం చేయాలని చెప్పింది. సైన్సు విషయంలో ఆ పటిష్ఠతకు కొలమానం ఏమిటని అడిగితే, ఎంతమంది పేర్లు నమోదయ్యాయి అన్న లెక్క సరిపోదు. ఎంతమంది పిల్లలు స్వయంగా టైట్రేషన్ చేశారన్నదే అసలు లెక్క.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

ఎన్ఐఓఎస్ సీనియర్ సెకండరీలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలకు నూటికి 20 మార్కులు ప్రాక్టికల్స్‌కు ఉంటాయి. థియరీ, ప్రాక్టికల్స్ రెండింటిలోనూ విడివిడిగా గట్టెక్కాలి. ప్రయోగాల కోసం విడి పుస్తకాలు అచ్చువేసి ఇస్తారు. గుర్తింపు పొందిన అధ్యయన కేంద్రాల్లో సంపర్క తరగతులు జరగాలన్నది పద్ధతి. కాగితం మీద ఇది మంచి ఏర్పాటు. ఆచరణలో అంతా ఆ కేంద్రం మీద ఆధారపడి ఉంటుంది. సొంత విద్యార్థులకే ల్యాబ్ సమయం సర్దలేని బడి, ఆదివారం వచ్చే బయటి పిల్లల కోసం ఆమ్లాలు కలిపి, పరికరాలు సర్ది, అటెండర్‌ను పిలిపించి కూర్చోదు. దాంతో చాలామంది ఓపెన్ స్కూల్ పిల్లలకు బ్యూరెట్‌ను మొదటిసారి చూసేదీ, దానిమీద మార్కులు పడేదీ ఒకే రోజు అవుతుంది.

మన ఇంటర్మీడియట్ బోర్డుల తీరు మరొకటి. కాలేజీలో చదవకుండానే హాజరు మినహాయింపు ఫీజు కట్టి ప్రైవేటుగా ఇంటర్ రాసే వెసులుబాటు రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్లుగా ఉంది. అది ఆర్ట్స్, హ్యుమానిటీస్ గ్రూపులకు పరిమితం. చరిత్ర, అర్థశాస్త్రం ఇంట్లో చదివి రాయవచ్చు. ఎంపీసీ, బైపీసీ మాత్రం కాలేజీ గోడల మధ్యే చదవాలి. ఎందుకంటే వాటికి ప్రాక్టికల్స్ ఉన్నాయి. అంటే ఒక విద్యార్థి సైన్సు చదవగలడా లేడా అన్నది అతని శక్తి మీద కాక, అతని పేరు ఏ కాలేజీ రిజిస్టరులో ఉందన్న దానిమీద తేలుతోంది. ఈ నిబంధనే కొందరిని డమ్మీ అడ్మిషన్ల వైపు నెడుతోంది. పేరు ఒక చోట, చదువు మరో చోట, ప్రయోగం ఎక్కడా లేదు. ప్రాక్టికల్స్ కోసం పెట్టిన షరతు చివరికి ప్రాక్టికల్స్ లేని చదువుకే దారితీస్తోంది.

కేంబ్రిడ్జి పరీక్షల్లో చిక్కు ఇంకో విధంగా ఉంటుంది. ఐజీసీఎస్ఈ స్థాయిలో ప్రయోగశాల పరీక్ష రాయలేనివారికి దాని బదులు రాతపరీక్ష ఉంది. భౌతికశాస్త్రంలో అయిదో పేపరు ప్రయోగం, ఆరో పేపరు దానికి ప్రత్యామ్నాయం, రెండింటికీ 40 మార్కులే. ఇంట్లో చదివే పిల్లలు సహజంగా ఆరో పేపరే ఎంచుకుంటారు. పై మెట్టయిన ఏఎస్, ఏ లెవెల్‌కు వచ్చేసరికి ఆ సౌలభ్యం ఉండదు. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలన్నిటిలో మూడో పేపరు ప్రయోగశాలలో కూర్చుని చేయవలసిందే. రెండేళ్లు కాగితం మీదే పటం గీసి, పట్టిక నింపి వచ్చిన పిల్లవాడు అక్కడ ఒక్కసారిగా ఖాళీ చేతులతో నిలబడతాడు. బయటి అభ్యర్థులకు సైన్సు ప్రాక్టికల్స్ పెట్టే కేంద్రాన్ని వెతకడం చాలా కుటుంబాలకు సిలబస్ కంటే కష్టమవుతుంది.

చేతికి అబ్బే చదువు

ఇంత పట్టుబట్టడం అవసరమా, వీడియోలు ఉన్నాయి కదా అని అడిగేవారున్నారు. 2016లో ముంబైకి చెందిన ఒక అమ్మాయి పదో తరగతి, పన్నెండో తరగతి సర్టిఫికెట్లు లేకుండానే అమెరికాలోని ఎంఐటీలో సీటు సంపాదించిన సంగతి దేశమంతా మాట్లాడుకుంది. బడి మాని ఇంట్లో చదివిన ఆమెకు అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో వచ్చిన పతకాలు ఆ దారి తెరిచాయి. ప్రోగ్రామింగ్‌కు కంప్యూటరు చాలు. అదే పట్టుదల ఉన్న పిల్లకు రసాయనశాస్త్రం మీద మనసుంటే ఏం జరిగేదో ఆలోచించాలి. అంతర్జాతీయ భౌతికశాస్త్ర ఒలింపియాడ్‌లో 50 మార్కుల్లో 20 ప్రయోగానివే. ప్రయోగం చేయని ప్రతిభకు అక్కడ సగం దారే కనిపిస్తుంది.

టైట్రేషన్‌లో గులాబీరంగు నిలిచే చివరి చుక్క దగ్గర చేయి ఆగడం పుస్తకంతో రాదు. మొదటిసారి ఆ చుక్క దాటిపోతుంది, రెండోసారి రంగు రాకముందే ఆగిపోతారు, మూడోసారి, నాలుగోసారి వచ్చిన విలువలు దగ్గరపడతాయి. కొలతలో పొరపాటు ఎంత, దానికి కారణం పరికరమా, చేయా, కన్నా అని అడగడం విద్యార్థికి అక్కడే అలవాటవుతుంది. వెర్నియర్ కాలిపర్స్‌లో శూన్యాంశ దోషం, స్క్రూగేజిలో వెనుకంజ దోషం, స్కేలును పక్కనుంచి చూస్తే వచ్చే తేడా వంటివి మార్కుల ప్రశ్నలుగా బట్టీ పట్టవచ్చు. కానీ తన లెక్క పుస్తకంలోని విలువతో కలవనప్పుడు అంకెను దిద్దకుండా కారణం వెతికే నిజాయితీ ప్రయోగశాలలోనే పెరుగుతుంది. శాస్త్రీయ దృక్పథం అని సభల్లో మనం పొగిడేది ఈ అలవాటునే.

వర్చువల్ ల్యాబులను తీసిపారేయనక్కరలేదు. అమృత విశ్వవిద్యాపీఠం, సీ-డాక్ కలిసి రూపొందించిన ఓల్యాబ్స్‌లో 9 నుంచి 12 తరగతుల ప్రయోగాలు ఉన్నాయి. కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన ఫెట్ నమూనాలు విద్యుత్ వలయాలను, తరంగాలను చక్కగా అర్థం చేయిస్తాయి. ల్యాబ్‌కు వెళ్లే ముందు ఏం చేయాలో, ఎందుకు చేయాలో తెలుసుకోవడానికి ఇవి బాగా పనికొస్తాయి. అయితే తెర మీది బ్యూరెట్ కారదు, తెర మీది సీసా పగలదు, ఆమ్లం ఒలకదు. జాగ్రత్త, ఓపిక, శుభ్రత అనే మూడు పాఠాలు అందులో ఉండవు.

వంటింట్లో ఎంతవరకు?

ఇంట్లో చేయగలిగిన ప్రయోగాలు చాలానే ఉన్నాయి. దారానికి రాయి కట్టి లోలకం కాలాన్ని కొలవవచ్చు. కటకంతో గోడమీద కిటికీ బొమ్మ పడేలా చేసి నాభ్యంతరం చూడవచ్చు. పసుపు నీళ్లతో, మందారపు రసంతో ఆమ్ల క్షార సూచికలు తయారుచేయవచ్చు. బంగాళదుంప ముక్కలతో ద్రవాభిసరణ, చిక్కుడు గింజలతో మొలకెత్తడం గమనించవచ్చు. స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త మను ప్రకాశ్ బృందం రూపొందించిన కాగితపు సూక్ష్మదర్శిని ఫోల్డ్‌స్కోప్ తక్కువ ధరకే చెరువు నీటిలోని జీవులను చూపిస్తుంది. తొమ్మిది, పది తరగతులకు ఇలాంటి ఇంటి ప్రయోగాలు గట్టి పునాది వేస్తాయి.

ఇంటర్ స్థాయికి వచ్చేసరికి ఇంటికి హద్దు వస్తుంది, రావాలి కూడా. సాల్ట్ అనాలిసిస్‌లో నైట్రేట్‌ను గుర్తించే బ్రౌన్ రింగ్ పరీక్షకు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కావాలి. యాసిడ్ దాడుల నేపథ్యంలో 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం కొనుగోలుదారుల వివరాలు నమోదు చేయకుండా ఆమ్లం అమ్మకూడదు, 18 ఏళ్లు నిండనివారికి అసలే అమ్మకూడదు. ఆ ఆంక్ష ఆడపిల్లల ప్రాణాలకు రక్షణ, దాన్ని సడలించమని అడగకూడదు. పదహారేళ్ల విద్యార్థి చట్టప్రకారం కొనలేని పదార్థంతో ప్రాక్టికల్ పరీక్ష పెడుతున్నప్పుడు, దాన్ని సురక్షితంగా వాడే చోటు చూపించవలసిన బాధ్యత పరీక్ష పెట్టేవారిదే అవుతుంది. పొగ బయటికి లాగే ఏర్పాటు, కళ్లద్దాలు, పక్కనే నీళ్ల కుళాయి, తెలిసిన అధ్యాపకుడు లేకుండా ఆ పని ఇంట్లో చేయమనడం ప్రమాదాన్ని కొనితెచ్చుకోమనడమే.

ఇతర దేశాల దారులు

ఇంటి చదువు అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధం. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఈ దారి ఎంచుకున్నవారున్నారు. ప్రయోగాల విషయంలో అక్కడా కాలేజీలు రాజీపడవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన ప్రవేశ అర్హతల్లో కనీసం రెండేళ్ల ప్రయోగశాల సైన్సు అడుగుతుంది, మూడేళ్లు ఉంటే మేలంటుంది. హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ సైన్సు కోర్సుల్లో బోధన సమయంలో పావు వంతు ప్రయోగాలకే కేటాయించాలన్నది కాలేజ్ బోర్డు నియమం. అయితే ఆ షరతు తీర్చుకునే చోటు కూడా అక్కడ ఉంది. ఇంట్లో చదివే పిల్లలు దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో ఒక్క రసాయనశాస్త్రం కోర్సు మాత్రమే తీసుకుని, అక్కడి ల్యాబులో పనిచేసి, ఆ మార్కుల పత్రాన్ని విశ్వవిద్యాలయానికి పంపవచ్చు. మొత్తం బడిలో చేరనక్కరలేదు.

ఇంగ్లండ్ మరో మేలైన పని చేసింది. 2015 నుంచి అమల్లోకి వచ్చిన ఏ లెవెల్ సంస్కరణల్లో ప్రయోగ నైపుణ్యాన్ని గ్రేడు నుంచి వేరుచేసింది. ప్రతి సైన్సు సబ్జెక్టులో కనీసం 12 ప్రయోగాలు చేసి, నిర్దేశించిన నైపుణ్యాలు చూపినవారికి విడిగా ఉత్తీర్ణత ధ్రువీకరణ ఇస్తారు. రాతపరీక్షలోనూ కనీసం 15 శాతం మార్కులకు ప్రయోగ జ్ఞానాన్ని పరీక్షించే ప్రశ్నలుంటాయి. బయటి అభ్యర్థి రాతపరీక్ష ఒకచోట రాసి, ప్రయోగ ధ్రువీకరణ కోసం ఆ సదుపాయం ఉన్న కేంద్రంలో కొన్ని రోజులు గడిపి తెచ్చుకోవచ్చు. దానికి ఫీజు ఎక్కువే, అది ఆ పద్ధతిలోని లోపం. కానీ ప్రయోగం చేయడం వేరు, బడిలో పేరుండడం వేరు అన్న విభజన మాత్రం సరైనది. మన బోర్డులు ముందుగా గ్రహించవలసింది దీన్నే.

గ్రంథాలయం లాంటి ల్యాబ్

ఈ విభజనను అర్థం చేసుకోవడానికి తెలుగువారు ఎక్కడికో చూడనక్కరలేదు. 1914లో విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులను ఒకచోట చేర్చినప్పుడు వారు నిలబెట్టిన సూత్రం సులువైనది: పుస్తకం చదవడానికి బడిలో పేరు ఉండనక్కరలేదు. ఆ గ్రంథాలయోద్యమ ఫలంగానే తరువాత గ్రంథాలయాలకు చట్టం వచ్చింది, ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల సెస్సు వచ్చింది. ఎవరైనా వెళ్లి చదువుకునే గది ప్రభుత్వ బాధ్యతగా మారింది. ప్రయోగశాలకూ ఆ సూత్రమే వర్తించాలి.

ఇందుకు కొత్త భవనాలు కట్టనక్కరలేదు. రెండు రాష్ట్రాల్లో వందల సంఖ్యలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలున్నాయి. ఆదివారాల్లో, దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో వాటి ల్యాబులు ఖాళీగానే ఉంటాయి. ప్రతి రెవెన్యూ డివిజన్‌లో ఒక కాలేజీని ఎంచుకుని, ఆ సెలవుల్లో సబ్జెక్టుకు పది పన్నెండు రోజుల ప్రయోగ శిబిరం నడపవచ్చు. ఒక్కో సబ్జెక్టుకు తప్పనిసరి ప్రయోగాల జాబితా ఒకటి బోర్డు ప్రకటించాలి. విద్యార్థి ఆ ప్రయోగాలు స్వయంగా చేసి, రికార్డు రాసి, వైవా ఎదుర్కొంటే బోర్డు పేరుతో ప్రయోగ ధ్రువపత్రం ఇవ్వాలి. దాన్ని ఎన్ఐఓఎస్, సార్వత్రిక విద్యాపీఠాలు, ప్రైవేటు అభ్యర్థుల విభాగం అన్నీ ఆమోదించాలి. ఆ పత్రం ఉన్నవారిని ఎంపీసీ, బైపీసీ పరీక్షలకు హాజరు మినహాయింపుతో అనుమతించాలి. శిబిరంలో పనిచేసే అధ్యాపకులకు, ల్యాబ్ అసిస్టెంట్లకు విడిగా పారితోషికం ఉండాలి. వారి సెలవు రోజుల శ్రమను ఉచితంగా తీసుకునే పథకం ఒక్క వేసవి కూడా నిలబడదు.

డివిజన్ కేంద్రానికి రాలేని ఊళ్లకు ల్యాబే కదిలి వెళ్లగలదు. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర 172 ఎకరాల ప్రాంగణం ఉన్న అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ 1999లో మొదలై, సంచార ప్రయోగశాలల వాహనాలతో ప్రభుత్వ బడి పిల్లలకు సైన్సు చూపించే పద్ధతికి పేరు తెచ్చింది. తెలుగు నేల మీద పరీక్షకు నిలిచిన ఆ పద్ధతిని సార్వత్రిక విద్యార్థుల వైపు మళ్లించడానికి ప్రభుత్వ సంకల్పం ఒక్కటి చాలు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులు ఎన్నో బడుల్లో ఉన్నాయి. అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50 వేలు నెలకొల్పుతామని 2025 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. ప్రజల సొమ్ముతో కట్టే ఆ గదుల తాళం నెలకు కొన్ని రోజులైనా బయటి పిల్లల కోసం తీయాలన్న షరతు మొదటే పెట్టడం తేలిక, తరువాత పెట్టడం కష్టం.

అభ్యంతరాలకు జవాబు

ఇంటి చదువు తల్లిదండ్రులు ఎంచుకున్నది, ఖర్చు వారే భరించాలన్న వాదన ఉంది. భరించగలిగినవారి నుంచి ఫీజు తీసుకోవచ్చు, తప్పులేదు. కానీ జబ్బు, పేదరికం, బలవంతపు పెళ్లి ఎవరూ ఎంచుకోరు. అదే శిబిరం ఓపెన్ స్కూల్ పేద విద్యార్థికి ఉచితంగా ఉండాలి. ప్రయోజనం అక్కడితో ఆగదు. పరీక్షలకు ముందు కొద్ది రోజులు మాత్రమే ల్యాబ్ తలుపు తీసే ప్రైవేటు కాలేజీలు మన దగ్గర తక్కువేమీ లేవు. వాటిలో చదివే రెగ్యులర్ విద్యార్థులు కూడా ఈ శిబిరానికి వస్తారు.

ప్రమాణాలు దిగజారుతాయన్న భయం మరొకటి. ప్రాక్టికల్స్‌లో జంబ్లింగ్, అంటే విద్యార్థులను మరో కాలేజీకి పంపి పరీక్ష పెట్టే పద్ధతి, ఉండాలా వద్దా అని ఏళ్ల తరబడి సాగిన వివాదమే ఆ భయానికి జవాబు చెబుతుంది. విద్యార్థి చదివే కాలేజీలోనే పరీక్ష పెట్టి, అక్కడే మార్కులు వేస్తే నమ్మకం కుదరడం లేదనే కదా పక్క కాలేజీకి పంపాలన్న వాదన వచ్చింది. బయటి అధ్యాపకుల ఎదుట పది రోజులు ప్రయోగాలు చేసి తెచ్చుకున్న పత్రం ఒక్క పూట ప్రాక్టికల్ కంటే గట్టి రుజువు. భద్రత గురించిన ఆందోళన మాత్రం పూర్తిగా న్యాయమైనది. ఒక్కో అధ్యాపకుడికి ఎంతమంది, కళ్లద్దాలు, ప్రథమ చికిత్స, విద్యార్థులకు బీమా వంటివి నిబంధనల్లోనే రాసి ఉంచాలి.

తల్లిదండ్రుల వంతు కూడా ఉంది. పన్నెండో తరగతి ఫీజు కట్టేనాటికి ప్రాక్టికల్స్ గుర్తుకురావడం ఆలస్యం. తొమ్మిదో తరగతి నుంచే ఇంటి ప్రయోగాలకు తేదీలతో రికార్డు రాయించాలి, తప్పిన కొలతలు కొట్టేయకుండా ఉంచమనాలి. ఏ బోర్డులో చేరాలో తేల్చుకునే ముందు ఫీజుతోపాటు, ప్రాక్టికల్స్ ఎక్కడ జరుగుతాయి, అంతకు ముందు సాధన ఎక్కడ దొరుకుతుంది అని లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. రోజూ పుస్తకం పక్కన కూర్చోగలిగిన తల్లిదండ్రులకు ఇది చేతకాని పని కాదు.

నిర్ణయం తీసుకోవలసినవి రెండు ఇంటర్ బోర్డులు, రెండు సార్వత్రిక విద్యాపీఠాలు. వచ్చే వేసవికి జిల్లాకు ఒక్క కాలేజీతోనైనా మొదలుపెట్టి, తప్పనిసరి ప్రయోగాల జాబితా ముందుగా ప్రకటించి, ధ్రువపత్రానికి ఉమ్మడి గుర్తింపు ఇస్తే చాలు. కోర్టు ఇచ్చిన అర్హత ఆ రోజు నుంచి పిల్లల చేతుల్లోకి నిజంగా వస్తుంది. అప్పటిదాకా సైన్సు చదవాలనుకునే ఇంటి విద్యార్థిని కాలేజీకి సిద్ధంగా లేడని అనే నైతిక హక్కు ఈ వ్యవస్థకు లేదు.